నోరు తిరగని పేరు

మా అమ్మాయి పేరు ఇక్కడ రాయను. దాచుకోవాల్సిన సంగతేమీ కాదు. రాయడం మొదలుపెడితే మొదటి పేరా అంతా అదే తినేస్తుంది, చదివేవాళ్ళు మధ్యలో ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో కూడా నేనే చెప్పాల్సి వస్తుంది. ఆస్పత్రిలో పేరు నమోదు చేసుకునే ఆవిడ సగంలో పెన్ను ఆపి, చెయ్యి విదిలించుకుని, "ఇంకా ఉందా అండీ?" అని అడిగింది. "ఉంది," అన్నాను ఛాతీ విరుచుకుని. ఆ క్షణంలో ఎవరైనా వెనకనుంచి నా నెత్తిమీద ఒక మొట్టికాయ మొట్టి ఉంటే తర్వాత పడ్డ అవస్థంతా తప్పేది. మొట్టాల్సిన మా ఆవిడా అత్తగారూ వార్డులో పిల్లని చూసుకుంటూ ఉండిపోయారు.

నేను కోర్టులో బంట్రోతుని. జడ్జిగారి గది గుమ్మం పక్కన నిలబడి, ఎవరి కేసు వంతు వస్తే వాళ్ళని పేరు పెట్టి పిలవడం నా పని. ఒక్కొక్కరిని మూడుసార్లు పిలవాలి. మొదటిసారి మామూలుగా, రెండోసారి సాగదీసి, మూడోసారి వరండా చూరులో పావురాలు లేచిపోయేంత గట్టిగా. మూడోసారికి కూడా మనిషి రాకపోతే లోపలికి తల పెట్టి "పలకలేదండీ" అంటాను. ఆ మాటతో కేసు కొట్టేసినా కొట్టేస్తారు. నా గొంతు సంగతి తెలిసినవాళ్ళంతా నన్ను మైకు అంటారు. లాయర్లూ అంతే, వాళ్ళ గుమస్తాలూ అంతే. ఒకసారి జడ్జిగారు కూడా "ఆ మైకుని పిలవండి" అనేసి నాలిక కరుచుకున్నారు. నేనేమో సిగ్గులేకుండా "చిత్తం" అని పలికాను.

పేర్లతో బతికేవాడికి పేర్ల పిచ్చి పట్టడంలో వింత లేదు. నా పిచ్చికి మాత్రం ఒక కారణం కూడా ఉంది. ఒకసారి ఒక తాపీమేస్త్రి కేసు వచ్చింది. కాగితాల్లో ఉన్న పేరుని మూడు రకాలుగానూ పిలిచాను. ఎవరూ లేవలేదు. లోపలికి చెప్పాను, కొట్టేశారు. మధ్యాహ్నం దాటాక, పొద్దుటినుంచీ నా కాళ్ళ పక్క బెంచీ మీదే కూర్చున్న ముసలాయన, "బాబూ, మా కేసు ఎప్పుడు పిలుస్తారు?" అన్నాడు. పేరేమిటని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పాడు. అదే పేరు. "నా పేరే బాబూ. కానీ నన్నెవరూ అలా పిలవరు. అందరూ బుల్లోడనే అంటారు," అన్నాడు. తలంతా ముగ్గుబుట్ట అయిపోయిన బుల్లోడు. ఆయన లాయరు నానా తంటాలూ పడి ఆ కేసు మళ్ళీ తెరిపించాడు. నా బుర్రలో మాత్రం అది మూతపడలేదు.

ఆ పెద్దాయన మీద జాలిపడి ఊరుకుని ఉంటే మర్యాదగా ఉండేది. నేను సిద్ధాంతం చేశాను. ముద్దుపేరు అసలు పేరుని మింగేస్తుంది కాబట్టి, నాకు పుట్టే బిడ్డని కళ్ళు తెరిచిన ఘడియనుంచీ అసలు పేరుతోనే పిలవాలి, ఇంకో మాట వినబడకూడదు. ఆ పేరు కూడా నాలుగు వీధుల అవతలికి వినబడేలా దిట్టంగా ఉండాలి. ఆలు లేదు చూలు లేదు అని సామెత చెబుతారు చూడండి, నాకు ఆలు ఉంది, తక్కిందంతా సామెతే.

ఆ ఆలు, అంటే మా ఆవిడ, బేకరీలో పనిచేస్తుంది. కేకుల మీద క్రీముతో పేర్లు రాయడం ఆమె పని. నేను కట్టిన పేరు వినగానే గాల్లో వేలితో గుండ్రంగా ఒక కేకు గీసి, అందులో రాయబోయి, "ఇది పట్టాలంటే రెండంతస్తుల కేకు కావాలండీ," అంది. తర్వాత కాస్త నెమ్మదిగా, "మా దగ్గరికొచ్చేవాళ్ళు కేకు మీద అసలు పేరు రాయించుకోరు. చిన్ని, బంగారం, బుజ్జి, ఇలాంటివే రాయమంటారు. డెబ్భై ఏళ్ళాయనకి కూడా," అంది.

"అదే కదా నా బాధ!" అన్నాను. ఆమె బాధేమిటో అడగలేదు.

ఇక మా అత్తగారు. ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరై మాతోనే ఉంటున్నారు. బతుకంతా మనుషుల్ని కంటికి కనబడ్డదాన్ని బట్టే పిలిచిన మనిషి. "గొడుగాయనా, లోపలికి జరుగు." "నీలం చొక్కా, నువ్వు దిగేది ఇక్కడే." ఆవిడ లెక్కలో పేరంటే మనిషిని కదిలించడానికి పనికొచ్చే వస్తువు, అంతకుమించి ఏమీ కాదు. నర్సు పిల్లని గుడ్డలో చుట్టి చేతిలో పెట్టగానే కిందికీ మీదికీ చూసి, "గుప్పెడంత లేదు కదే," అన్నారు. "ఏమే గుప్పెడూ, ఇటు చూడు." పిల్ల చూసింది. చూసిందని నేను ఇప్పటికీ ఒప్పుకోను, అప్పుడే పుట్టిన పిల్లకి ఏం తెలుస్తుంది!

ఆ ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. మేస్త్రి కథ చెప్పాను. చివర ఆవేశం ఆపుకోలేక, "ఈ పిల్లని ఎవరైనా ఇంకో పేరుతో పిలిస్తే ఆ పూట నేను భోజనం చెయ్యను," అని ప్రతిజ్ఞ కూడా చేశాను. కడుపులో పుండు ఉన్నవాడు చెయ్యాల్సిన ప్రతిజ్ఞ కాదది. ఇంటికొచ్చిన రోజే అత్తగారు నోరు జారారు. కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. మర్నాడు కోర్టులో ఎవరినో రెండోసారి సాగదీస్తూ, ఆ సాగదీతలోనే గుమ్మం పక్కన కూలబడ్డాను. గుమస్తాలు నన్ను మోసుకొచ్చి మంచం మీద పడేస్తే మా ఆవిడ బాలింత ఒంటితో కూర్చుని ఏడ్చింది. అత్తగారు మాత్రం, "సరే అల్లుడుగారూ, మీరు చెప్పినట్టే కానివ్వండి," అన్నారు. ఆవిడకి కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది.

ఆ రోజునుంచి ఇంట్లో ఇంకో పేరు నా చెవిన పడలేదు. లోకాన్ని బాగుచెయ్యడం ఇంత తేలికా అనుకున్నాను.

ఇక నా పిలుపులు చూడాలి. పొద్దున్న లేస్తూనే పూర్తి పేరు. పాలు పడుతున్నప్పుడు పూర్తి పేరు. సాయంత్రం వీధి మలుపు తిరుగుతూనే అక్కడినుంచి ఎత్తుకుంటే, మెట్లెక్కి చెప్పులు విడిచేసరికి పేరు పూర్తయ్యేది. ఒకసారి పిల్ల పాకుతూ మంచం అంచుకి వెళ్ళిపోతోంది. హెచ్చరిద్దామని నేను పేరు మొదలుపెట్టాను. ఇంకా సగంలో ఉండగానే అత్తగారు వంటింట్లోంచి వచ్చి, పిల్లని పట్టుకుని మంచం మధ్యలో వేసి, వెళ్ళిపోయి మళ్ళీ కూరగాయలు తరుగుతున్నారు. నేను మాత్రం పేరు పూర్తి చేశాను. మొదలుపెట్టిన పని మధ్యలో వదలడం నాకు అలవాటు లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. నేను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. మా ఆవిడా అత్తగారూ గోడవైపో కిటికీవైపో చూసేవాళ్ళు. ఇంటి పెద్దకి ఇచ్చే గౌరవం అనుకుని లోలోపల మురిసిపోయాను. ఇంతటి తెలివితక్కువవాడికి కోర్టులో ఉద్యోగం ఎలా ఇచ్చారో ఆ ఇచ్చినవాళ్ళనే అడగాలి.

పిల్లకి ఏడాది దగ్గర పడుతుండగా టీకా వేయించాల్సి వచ్చింది. ఆ రోజు మా ఆవిడకి బేకరీలో పెద్ద ఆర్డరు, అత్తగారికి మోకాలి నొప్పి. నేను తీసుకెళ్తానన్నాను. సూది వేయడం అయ్యాక డాక్టరుగారు మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అడిగారు. కూర్చుంటోందా, పాకుతోందా, వస్తువులు పట్టుకుంటోందా. అన్నిటికీ తల ఊపాను. "పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా?" అన్నారు.

"చూడకేమండీ! చూపిస్తాను," అన్నాను. ఇది నా సొంత విద్య కదా.

పిల్ల బల్లమీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నేను నాలుగడుగులు వెనక్కి వేసి, గొంతు సవరించుకుని మొదటిసారి పిలిచాను. కదల్లేదు. సాగదీసి పిలిచాను. మూడోసారి పిలిచేసరికి వరండాలో వరసగా కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు, పక్కగదిలో ఎవరి బిడ్డో కెవ్వుమంది, నర్సు పరిగెత్తుకొచ్చింది. మా అమ్మాయి తొడమీద సూది వేసినచోట అంటించిన ప్లాస్టరు అంచుని గోటితో లేపుతూ, చాలా శ్రద్ధగా, అలాగే కూర్చుంది.

డాక్టరుగారి ముఖంలో నవ్వు తగ్గింది. "ఇంట్లో కూడా ఇంతేనా?" అన్నారు. పుట్టినప్పటినుంచీ ఎన్నిసార్లు పిలిచానో గుర్తు చేసుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది నా పిలుపుకి తిరిగి చూసిన రోజు ఉందా అని వెతికాను. లేదు. నేను పిలుస్తూ ఉండేవాణ్ణి, అది తన పని తాను చేసుకుంటూ ఉండేది. ఇన్నాళ్ళూ నా గొంతు నాకే ఇంపుగా ఉండి నేను చూసుకోలేదు.

"కంగారు పడకండి. చెవుల పరీక్ష ఒకటి చేయిద్దాం," అన్నారు డాక్టరుగారు. కంగారు పడకండి అని డాక్టరు అన్నాక కంగారు పడనివాణ్ణి నేనింకా చూడలేదు. తిరుగు బస్సులో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి చిన్నగా పేరంతా చెప్పాను. గడ్డం గుచ్చుకుని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడ మళ్ళీ పనిలో చేరి ఎన్నాళ్ళో కాలేదు, చేతులు వణికితే కేకు మీద అక్షరాలు పాడవుతాయి, ముందు నేనే తేల్చుకుని చెబుతాను అనుకున్నాను. నేను మహా గుండెధైర్యం గలవాణ్ణని నాకొక అపోహ. ఆ ధైర్యంతో ఇంట్లోనే రహస్య పరీక్షలు మొదలుపెట్టాను. పిల్ల వెనక గరిటె పడేశాను, ఉలిక్కిపడింది. నేల అదిరి ఉంటుందిలే అనుకున్నాను. తలుపు కొట్టాను, చూసింది. గాలికి చూసి ఉంటుంది అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని తీర్మానించుకున్నాక నాలుగోది ఎదురుగా ఆడిస్తున్నా కనబడదు.

కోర్టులో అంతకన్నా అవస్థ. పేరు పిలవగానే ఎవరైనా మొదటిసారికే లేచి వస్తుంటే వాళ్ళని చూసి కడుపు మండేది. దొంగతనం కేసులో ముద్దాయి కూడా నా పిలుపుకి పలుకుతున్నాడు, నా కూతురు పలకదు. ఒక రోజు ఒకావిడ చేతులు కట్టుకుని నా ముందుకొచ్చి "నేనేనండీ" అంటే, "అమ్మా, వినబడింది కదా, చాలు తల్లీ," అన్నాను. ఆవిడ భయపడి నాలుగడుగులు వెనక్కి వేసింది.

చెవుల పరీక్ష రోజు, పిల్లని కోర్టులో అందరికీ చూపిస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి బయల్దేరాను. గోడలకి మెత్తలు అంటించిన చిన్న గది. పరీక్ష చేసే అమ్మాయి నెమ్మదస్తురాలు. పిల్లని నడుమ కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను ఎడమ మూలన కూర్చోమంది. కుడివైపు గిలక్కాయ ఆడించింది, పిల్ల కుడికి తిరిగింది. ఎడమవైపు కాగితం నలిపింది, ఎడమకి తిరిగింది. వెనకనుంచి గుసగుసగా ఏదో అంది, వెనక్కి తిరిగింది. పెట్టెలోంచి రకరకాల మోతలు వినిపించింది, ఒక్కటీ తప్పలేదు.

"చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ," అంది. నేను లేచి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని పంపు కొట్టినట్టు ఊపేశాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని, "పేరు కూడా పిలిచి చూద్దాం. ఏం పేరు?" అంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. తనలో తాను రెండుసార్లు వల్లించుకుని, కుడివైపు నిలబడి పిలిచింది.

పిల్ల చేతిలో బొమ్మ వదిలేసి ఎడమకి తిరిగి నన్ను చూసింది.

ఆవిడ ఎడమకొచ్చి, నన్ను కుడివైపు కూర్చోమని, మళ్ళీ పిలిచింది. పిల్ల కుడికి తిరిగింది. నన్ను వెనక నిలబెట్టి ఎదురుగా వచ్చి పిలిచింది. పిల్ల నడుమంతా తిప్పి వెనక్కి చూసింది. పిలుస్తున్న మనిషి కళ్ళెదుట ఉంటే పెడముఖం పెట్టడమేమిటి? ఆ అమ్మాయి కూడా నుదురు చిట్లించింది. "మిగతా వాటన్నిటికీ సరిగ్గానే తిరుగుతోంది. ఈ ఒక్క మాటకే పిలిచినవాళ్ళని చూడట్లేదు. ముద్దుపేరేమైనా ఉందా అండీ ఇంట్లో?"

"మా ఇంట్లో ముద్దుపేర్లు ఉండవు," అన్నాను. అంత భయంలో కూడా ఆ మాట చెప్పేటప్పుడు మెడ కాస్త నిటారుగా లేచింది, నా మెడే కాబట్టి నాకు తెలిసింది.

"అయితే ఈసారి వాళ్ళమ్మగారిని కూడా తీసుకురండి, ఆవిడ పిలిస్తే ఎలా ఉంటుందో చూద్దాం," అంది. అంతే అంది. తక్కినదంతా నేనే అల్లుకున్నాను. చెవులు బాగున్నాయంటే లోపం ఇంకా లోపల ఉందన్నమాట. శబ్దం వెళ్తోంది, అర్థం వెళ్ళట్లేదు. ఇంటికి చేరేసరికి నా కూతురు పెద్దదై ఎవరు పిలిచినా పెడవైపు చూస్తూ బతుకుతున్నట్టు, నేను లేకపోతే దాన్ని చూసుకునేవాళ్ళే లేనట్టు, మొత్తం చూసేశాను.

సాయంత్రం మా ఆవిడ బేకరీ నుంచి వచ్చి ముంజేతికంటిన క్రీము కడుక్కుంటుంటే ఇద్దర్నీ ముందుగదిలోకి పిలిచాను. పిల్ల గుమ్మం దగ్గర చెప్పులతో ఆడుకుంటోంది. ఉన్నదంతా చెప్పాను. టీకా రోజు డాక్టరుగారు అన్నది, నేను దాచింది, చెవుల పరీక్ష, ఆ అమ్మాయి నుదురు చిట్లించడం, అన్నీ. "పేరు పెట్టి పిలిస్తే తెలియట్లేదు దానికి," అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తేలు కుట్టిన దొంగల్లా నోరెత్తలేదు. పాపం, దెబ్బ తట్టుకోలేకపోతున్నారనుకున్నాను. ఓదార్చడం నా బాధ్యత కదా. "మీరు బెంబేలు పడకండి. అది ఎలా ఉన్నా మన పిల్లే. దానికి తెలిసినా తెలియకపోయినా నేను బతికున్నన్నాళ్ళూ దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాను. రోజూ పిలుస్తాను. పూర్తిగా పిలుస్తాను," అన్నాను. మా ఆవిడ పమిటకొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను.

"ఏమండీ, అది కాదు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"చెప్పవే, నాకు తల తిరిగిపోతోంది వింటుంటే," అన్నారు అత్తగారు. మా ఆవిడ మళ్ళీ పమిట నోట్లో కుక్కుకుంది. ఇక లాభం లేదని అత్తగారే, కూర్చున్నచోటునుంచి కదలకుండా, గుమ్మంవైపు కూడా చూడకుండా, ఎంతో మామూలుగా పిలిచారు.

"గుప్పెడూ!"

పిల్ల చెప్పు వదిలేసి గిరుక్కున తిరిగింది. ముఖమంతా నోరు చేసుకుని, ఉన్న రెండు పళ్ళూ చూపిస్తూ, అమ్మమ్మని చూసి "ఆఁ" అంది. పలికింది. నా కూతురు పేరు పెట్టి పిలిస్తే పలికింది.

ఆ క్షణంలో నాకు కలిగింది ఆనందమో అవమానమో ఇప్పటికీ తేల్చుకోలేను. ముందు గోడ వారగా కూలబడ్డాను. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. నేను వీధి మలుపు దాటగానే ఇంట్లో అది గుప్పెడు. పక్కింటివాళ్ళకి గుప్పెడు, పాలు పోసే ఆయనకి గుప్పెడు, బేకరీ అంతటికీ గుప్పెడు. పిల్లని ఒకసారి చూడ్డానికొచ్చిన మా కోర్టు గుమస్తాకి కూడా తెలుసు. ఊరంతా కోడై కూస్తుంటే నాలుగు వీధులకి వినబడే గొంతున్న నాకొక్కడికీ వినబడలేదు.

"చెబితే మళ్ళీ కంచం ముందునుంచి లేస్తారని," అంది మా ఆవిడ. "ఆ రోజు మిమ్మల్ని మోసుకొచ్చారు చూడండి, నా ప్రాణం పోయిందనుకున్నాను. మీ ఎదురుగా మీరు చెప్పినట్టే పిలుద్దాం, మీరు లేనప్పుడు మా ఇష్టం అనుకున్నాం. మీరిలా ఒంటరిగా డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నారని తెలిస్తే ఆ రోజే చెప్పేదాన్ని కదా! నాకెందుకు చెప్పలేదు?"

కోపం తెచ్చుకుందామని చూశాను గానీ అది కూడా పలకలేదు. పిల్లకి ఏ లోపమూ లేదన్న సంతోషం అప్పుడే ఒంట్లోకి దిగుతోంది, దాని వెనకే ఇంకేదో దిగింది. "అయితే అందరికీ పలుకుతుంది. నాకే పలకదు," అన్నాను. "ఇన్నాళ్ళూ నేను పిలిచిందంతా దానికి ఫ్యాను తిరిగిన చప్పుడు. దానికి ఆ పేరే తెలియదు."

"తెలియకేం?" అంది మా ఆవిడ. "బాగా తెలుసు. చూడండి." పిల్ల మళ్ళీ చెప్పుల్లో పడిపోయింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, అక్కడినుంచి మెల్లగా, నేను కట్టిన ఆ పేరంతా, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది.

పిల్ల తలెత్తింది. వంటింటివైపు చూడలేదు. గదంతా వెతికి, గోడ వారగా కూలబడ్డ నన్ను పట్టుకుని, రెండు చేతులూ చాపింది.

"అది మీ పేరనుకుంటోంది," అంది మా ఆవిడ. "మీరు గడప తొక్కగానే ఇంట్లో ఆ పేరు మొదలవుతుంది. మీరు వెళ్ళగానే ఆగిపోతుంది. సాయంత్రం మీరు మలుపు దగ్గర ఎత్తుకోగానే గుమ్మం దాకా పాకి కూర్చుంటుంది, మీరొస్తున్నారని. చిన్నపిల్ల, ఇంకేమనుకుంటుంది?"

"మరి నేను పిలిస్తే చూడదేం?"

"మీరు మీ పేరు చెప్పుకుంటూ తిరుగుతుంటే అదెందుకు చూడాలి?" అన్నారు అత్తగారు. "నేను బస్సులో టికెట్ టికెట్ అని అరుస్తుంటే రోజూ ఎక్కే పిల్లలు నన్ను టికెట్టమ్మ అనేవాళ్ళు. పాపం వాళ్ళ తప్పేముంది?"

పిల్ల చేతులు చాపి అలాగే ఉంది. లేవలేక, మోకాళ్ళ మీదే వెళ్ళి ఎత్తుకున్నాను. ఏడ్చాను కూడా. ఇల్లంతా వినబడేలా ఏడ్చాను, నాకు చిన్నగా ఏడవడం రాదు. పుట్టినప్పటినుంచీ ఎలుగెత్తి పిలిచి దానికి ఒక గొప్ప పేరు అలవాటు చేస్తున్నాననుకున్నాను. అది మాత్రం ఆ పేరుని జాగ్రత్తగా తీసుకుని, తన తండ్రికి పెట్టుకుంది.

కాస్త తేరుకున్నాక ఇంకో దిగులు పట్టుకుంది. "అయితే మాటలొచ్చాక నన్ను ఆ పేరుతోనే పిలుస్తుందా?" అన్నాను. ఆ మాట అంటుంటే ఒళ్ళు పులకరించింది, దాచడమెందుకు. "ఎప్పటికి పిలుస్తుందంటారు?"

"నోరు తిరగాలి కదా అల్లుడుగారూ," అన్నారు అత్తగారు ఎంతో మర్యాదగా. "బడికెళ్ళే వయసుకి రావచ్చు. లేదా ఆ తర్వాత. తమరు పెట్టిన పేరు సామాన్యమైనదా?"

అమ్మ అంటుంది, అమ్మమ్మ అంటుంది, పాలాయన్ని కూడా ఏదో ఒకటి అంటుంది. నన్ను పిలవాలంటే మాత్రం బడిలో చేరేదాకా ఆగాలి. అంత ఓపిక నాకెక్కడిది? పిల్లని నేలమీద కూర్చోబెట్టి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పేరులో మొదటి సగం తీసేశాను. ఇంకా పొడవే. నడుమనుంచి ఇంకొంత కోసేశాను. చివరికి మిగిలిన రెండక్షరాలని పెదాలు విప్పి చూపిస్తూ, నా వేలిని నా ఛాతీకి ఆనించి, మెల్లగా పలికాను. పిల్ల నా నోట్లో వేలు పెట్టి లోపల ఏముందో చూసింది. మళ్ళీ పలికాను. ఉమ్మి బుడగ ఒకటి ఊదింది. మళ్ళీ పలికేసరికి విసుగొచ్చి, వీపు నావైపు తిప్పి, చెప్పుల దగ్గరికి పాకిపోయింది.

గుమ్మానికి ఆనుకుని ఇదంతా చూస్తున్న మా ఆవిడ నవ్వాపుకుంటూ, "మన ఇంట్లో ముద్దుపేర్లు ఉండవన్నారు?" అంది.

"ఇది గుప్పెడుకి కాదే, నాకు," అన్నాను.

చెప్పుల దగ్గర కూర్చున్న పిల్ల తిరిగి నన్ను చూసింది.